వెనక బొమ్మ పడిందా?

ఇంట్లో ఏ వస్తువు చెడినా, బాగుచేయడానికి కూర్చున్నవాడు ముందు దాన్ని కళ్లారా చూస్తాడు. కారు వెనక సీటు వీడియో దగ్గర ఆ వీలు లేదు. చూసేవాళ్లు వెనక ఉంటారు, మీటలు ముందుంటాయి. మీటల దగ్గరున్న మనిషి స్క్రీన్ వైపు తిరిగాడో, ఇంక సినిమా చూడ్డానికి ఎవరూ మిగలరు. టెక్సాస్‌తో సహా అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాలు ఈ సంగతే రాసి పెట్టాయి: బండి నడుస్తుండగా వీడియో తెర డ్రైవరు కంటబడకూడదు. డబ్బు పెట్టి కొన్నవాడికి, చెడితే బాగుచేయాల్సినవాడికి బొమ్మ చూసే యోగం లేదన్నమాట. వాడికి దొరికేదల్లా వెనక నుంచి వచ్చే సాక్ష్యం. "నాన్నా, రావట్లేదు!"

ఏది రావట్లేదు? బొమ్మ వచ్చి మాట రావట్లేదా, మాట వచ్చి బొమ్మ రావట్లేదా, రెండూ వచ్చి మధ్యలో ఆగిపోయిందా, లేక చెల్లి పెట్టిన సినిమా వస్తోంది గానీ అన్న అడిగింది రావట్లేదా? నాలుగూ నాలుగు జబ్బులు. గంటకి డెబ్బై అయిదు మైళ్ల వేగంతో పోతూ, పక్కన పద్దెనిమిది చక్రాల ట్రక్కు ఊపేస్తుంటే, ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకోవాలి.

మనవాళ్లకి ఈ ఏర్పాటు కొత్తదేం కాదు. ఎనభైల్లో, తొంభైల్లో హైదరాబాదు నుంచి రాత్రిపూట బయల్దేరే ప్రైవేటు బస్సుల మీద 'వీడియో కోచ్' అని పెద్ద పెద్ద అక్షరాలు కనపడేవి. డ్రైవరు వెనక అడ్డగోడకి పైన ఒక టీవీ, దాని దగ్గర్లోనే ఒక పెట్టెలో వీసీఆర్. హెడ్‌ఫోన్ల ఊసే లేదు. పడుకుందామనుకున్నవాడికి కూడా సినిమా తప్పేది కాదు. బొమ్మ మీద గీతలు పడితే వెనక సీట్లోంచి ఒక కేక వినపడేది. క్లీనరు లేచి పెట్టె మీద ఒక్కటిచ్చేవాడు. దానికీ లొంగకపోతే క్యాసెట్ బయటికి లాగి, ఉఫ్ఫని ఊది మళ్లీ తోసేవాడు. ఎంత మోటు వైద్యమైనా అతనికో సౌకర్యం ఉండేది: తెర ముందు నిలబడి చేసేవాడు. డ్రైవరు పాపం డైలాగులు వింటూ తెల్లవార్లూ బండి నడిపేవాడు.

అమెరికాలో ఇది ఫ్యాక్టరీలోనే బిగించి రావడం 1999లో మొదలైంది. ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు సిల్హౌట్ మినీవ్యాన్‌లో ప్రీమియర్ అనే రకానికి కప్పులోంచి కిందికి దిగే తెర, ఒక వీసీఆర్ ఇచ్చారు. మరుసటి మోడల్ ఏడాదిలో షెవర్లే వెంచర్‌కి వార్నర్ బ్రదర్స్ ఎడిషన్ వచ్చింది. బండి మీద బగ్స్ బన్నీ బొమ్మ కూడా ఉండేది. పిల్లలు బండిలో కూర్చుని చూసే బొమ్మ బండి మీదకే ఎక్కిందన్నమాట. తర్వాత డీవీడీ వచ్చి వీసీఆర్ని తరిమేసింది. 2004లో ఓల్డ్స్‌మొబైల్ పేరే చెరిగిపోయింది. అన్నాచెల్లెళ్ల తగువుకి కూడా కంపెనీలు మందు వెతికాయి. హోండా 2011 ఒడిస్సీ ఖరీదైన రకంలో 16.2 అంగుళాల పొడవాటి తెర పెట్టి, అటు సగంలో ఒకటి, ఇటు సగంలో ఒకటి చూసుకోండన్నారు. తెర పంచారు గానీ రిమోట్ ఎవరి చేతిలో ఉండాలో తేల్చలేదు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో తెలుగువాళ్ల ఇళ్ల ముందు మినీవ్యాన్ లేని వీధి అరుదు. ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లిద్దరు, పులిహోర డబ్బాలు, మడతపెట్టే కుర్చీలు. ఇవన్నీ చిన్న కారులో పట్టవు. పైగా ఊళ్ల మధ్య దూరాలు అలాంటివి. డాలస్ నుంచి హ్యూస్టన్‌కి సుమారు 240 మైళ్లు. పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్లాలంటే అది కూడా దాటి దక్షిణానికి పోవాలి. ఐ-45 రోడ్డు మీద గడ్డి, ఆవులు, హోర్డింగులు తప్ప పిల్లలకి చూపించడానికేమీ ఉండదు. ముందు సీట్లో ఉన్నవాళ్ల మనశ్శాంతి కోసమే వెనక సీట్లో సినిమా పెట్టారని అర్థం కావడానికి హంట్స్‌విల్ దాకా కూడా వెళ్లక్కర్లేదు.

అలాంటి ప్రయాణానికి ముందే మా పాత వ్యాన్‌లో తెర నల్లబడింది. షోరూమ్ సర్వీసు కౌంటర్లో చెబితే, ఆ మనిషి కుర్చీలోంచి లేవకుండానే యూనిట్ మొత్తం మార్చాలన్నాడు. చెప్పిన ధరకి పిల్లలిద్దరికీ చెరో టాబ్లెట్ వచ్చి, టోలు డబ్బులు కూడా మిగిలేలా ఉన్నాయి. ఆ సమయానికి మా మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. అమెరికాలో స్తంభాలు ఇంకా చెక్కతోనే ఎందుకున్నాయని వచ్చిన రోజు నుంచి ఆశ్చర్యపోతున్నారు.

"యూనిట్ మార్చే సంగతి తర్వాత చూద్దాం అల్లుడుగారూ. సప్లై ఎందాకా వస్తోందో చూశారా?" అన్నారు.

ఆయన పద్ధతి ఇదీ. పదకొండు కేవీ ఫీడర్ ట్రిప్పయితే లైను పొడుగునా చూసుకుంటూ నడిచేంత టైముండదు. మధ్యలో లైనుని విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, సబ్‌స్టేషన్ నుంచి ఒకసారి ఛార్జ్ చేయమంటారు. లైను నిలబడితే తప్పు స్విచ్‌కి అవతల ఉన్నట్టు. మళ్లీ ట్రిప్పయితే ఇవతలే. తప్పున్న సగాన్ని మళ్లీ సగం చేస్తారు. "తప్పెక్కడుందో అని వెతుక్కుంటూ పోతే తెల్లారిపోద్ది. ఎక్కడ లేదో తేల్చుకుంటూ రావాలి" అంటారాయన. వెనక సీటు వీడియోకి ఇంతకంటే మంచి సూత్రం నాకు ఏ మాన్యువల్‌లోనూ కనపడలేదు. ఎందుకంటే ఇది కూడా ఒక లైనే: బ్యాటరీ, ఫ్యూజు, ప్లేయరు, కప్పులోంచి పోయే కేబులు, తెర. మధ్యలో ఒక చీలిక, అది మాట వెళ్లే దారి.

ఈ లైనుకి మొదటి ఏబీ స్విచ్ బండి స్పీకర్లు. డీవీడీ పెట్టి, శబ్దాన్ని హెడ్‌ఫోన్లకి కాకుండా బండి స్పీకర్లకి మళ్లించాలి. మాటలు వినపడ్డాయా, ఫ్యూజు బాగుంది, ప్లేయరు బాగుంది, డిస్కు బాగుంది. సగం లైను ఒక్క దెబ్బతో తేలిపోతుంది. దీనికి డ్రైవరు తెర చూడక్కర్లేదు కూడా. వినపడకపోతే అప్పుడు ఫ్యూజు పెట్టె తెరవాలి. ఏ ఫ్యూజు దేనిదో మూత లోపలో, మాన్యువల్‌లోనో ఉంటుంది. ఎరుపు రంగుది పది ఆంపియర్లు, నీలం పదిహేను, పసుపు ఇరవై. ప్లాస్టిక్‌లోంచి చూస్తే లోపలి రేకు తెగిందో లేదో తెలుస్తుంది. అదే బోర్డు మీద ఫోన్ ఛార్జరు సాకెట్లు కూడా ఉంటాయి. వాటి ఫ్యూజు ఊరికే పోతుంటే పిల్లలు సాకెట్లో చిల్లర బిళ్ల వేశారేమో చూడాలి. ఎరుపు పోయిందని నీలం పెట్టడం మాత్రం మామయ్యగారి శాస్త్రంలో మహాపాపం. పల్లెటూళ్లలో ఫ్యూజు బదులు మందపాటి రాగి తీగ చుట్టినవాళ్ల ఇళ్లల్లో ఏమైందో ఆయన చూసినవారు.

మా బండిలో స్పీకర్లలో మాటలు చక్కగా వినపడ్డాయి. తెర మాత్రం నల్లగా ఉంది. మామయ్యగారు గరాజ్ తలుపు వేయించి, సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, తెర మీద ఏటవాలుగా కొట్టారు. నల్లటి అద్దం లోపల సన్నగా, బూడిద రంగులో ఒక కార్టూన్ ఎలుగుబంటి నడుచుకుంటూ పోతోంది. "బొమ్మ ఉందండీ, లైటు లేదు" అన్నారు.

ఎల్‌సీడీ తెరకి సొంత వెలుగు ఉండదు. వెనక దీపం ఉండాలి. పాత తెరల్లో సన్నటి ట్యూబులైటు లాంటి గొట్టం, దానికి వోల్టేజీ పెంచిచ్చే చిన్న బోర్డు ఉంటాయి. తర్వాతి వాటిలో ఎల్ఈడీలు వచ్చాయి. దీపం పోతే తెర పోయినట్టే కనపడుతుంది, లోపల సినిమా ఆడుతూనే ఉంటుంది. టార్చిలో బొమ్మ కనపడకపోతే అది వేరే కథ: కేబుల్లో సిగ్నల్ తెగినట్టు, లేదా ముందు సీట్లో వెనక తెరకి ఏది పంపాలో ఎంచలేదన్నట్టు. ఆయన తెరని మెల్లగా పైకి, కిందికి మడిచారు. ఒక కోణం దగ్గర వెలుగు తటాలున మెరిసి పోయింది. తెర వెయ్యిసార్లు తెరిచి మూస్తే బొమ్మకి ఏమీ కాదు గానీ, మడత దగ్గర వంగి వంగి వైరు అలిసిపోతుంది. తొడుగు విప్పితే అక్కడ సన్నటి వైరొకటి, పైన ప్లాస్టిక్ చిట్లి, లోపల పోగులు ముప్పాతిక వంతు తెగి ఉంది.

సోల్డరు పెట్టడం పెద్ద పని కాదు, తొడుగు విప్పడమే పని. కప్పు అంచుల పొడుగునా పక్క ఎయిర్‌బ్యాగులు మడత పెట్టి ఉంటాయి కాబట్టి స్క్రూడ్రైవరు అటు పోకూడదు. ముందే బ్యాటరీ నెగటివ్ తీయాలి. అది తీస్తే ఇంకో తమాషా ఉంది. కొన్ని బండ్లలో బ్యాటరీ తీసి పెట్టగానే ఆడియో యూనిట్, దొంగ ఎత్తుకెళ్లి వేరే బండికి బిగించాడనుకుని, కోడు చెప్పమంటుంది. ఆ కోడు కార్డు గ్లవ్ బాక్స్‌లో ఉంటే అదృష్టం. లేకపోతే సీరియల్ నంబరు చూపించి షోరూమ్ వాళ్లనే అడగాలి. కాబట్టి స్పానర్ పట్టుకునే ముందు కార్డు వెతుక్కోవాలి.

లైటు వచ్చింది. బొమ్మ పడింది. వెంటనే వెనక నుంచి రెండో అర్జీ వచ్చింది, ఈసారి మాట రావట్లేదని. మామయ్యగారు అడిగే తీరు వేరు. "రావట్లేదా?" అని అడగరు. "ఏం వస్తోందమ్మా?" అంటారు. "గుర్‌ర్‌మని వస్తోంది తాతయ్యా" అంది మనవరాలు. గుర్‌ర్‌మని వస్తోందంటే హెడ్‌ఫోన్ బ్రతికే ఉంది, బ్యాటరీ ఉంది, సిగ్నల్ మాత్రం దొరకట్లేదు.

ఈ హెడ్‌ఫోన్లలో చాలావాటికి వైరూ లేదు, బ్లూటూతూ లేదు. తెర పక్కన చిన్న నల్లటి అద్దం వెనక నుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి వెలువడుతుంది, మాట దాని మీద ఎక్కి చెవికి చేరుతుంది. కాంతి కాబట్టి ఎదురుగా ఉంటేనే అందుతుంది. దుప్పటి ముసుగేసినా, ముందు సీటు కిందికి ఒంగినా మాట ఆగిపోతుంది. కిటికీలోంచి ఎండ నేరుగా హెడ్‌ఫోన్ మీద పడితే గరగర మొదలవుతుంది. కొన్నింటిలో కన్ను ఒక చెవి వైపే ఉంటుంది, ఎడమది కుడికి పెట్టుకుంటే కన్ను వెనక్కి తిరిగిపోతుంది. ఏ, బీ అని రెండు చానళ్ల మీట ఒకటి చెవి పక్కన దాక్కుని ఉంటుంది. అన్న హెడ్‌ఫోన్ ఏ మీద, చెల్లిది బీ మీద ఉంటే, ఒకే తెర చూస్తూ ఒకళ్లు సినిమా, ఇంకొకళ్లు నాన్న పెట్టిన రేడియో వినే అవకాశం ఉంది.

ఇన్‌ఫ్రారెడ్ మన కంటికి కనపడదు గానీ సెల్‌ఫోన్ కెమెరాకి చాలాసార్లు కనపడుతుంది. రిమోట్‌ని కెమెరా వైపు తిప్పి మీట నొక్కితే దాని ముక్కు మీద ఊదారంగు చుక్క మినుకుమంటుంది. మినుకుమనకపోతే బ్యాటరీ సంగతి చూడాలి. వెనక కెమెరాలో కనపడకపోతే సెల్ఫీ కెమెరాలో చూడాలి, కొన్ని ఫోన్లలో వెనక దానికి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే జల్లెడ ఉంటుంది. తెర పక్క అద్దాన్ని కూడా ఇలాగే చూడొచ్చు. స్తంభాల్లేని లైనుకి టెస్టరు దొరికిందని మామయ్యగారు ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ పరీక్షించారు.

మూడో అర్జీ ఆయనదే. విజయవాడ నుంచి తెచ్చిన పాత సినిమా డీవీడీ మా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా ఆడింది, బండిలో పెడితే డిస్కు సరిగా లేదని బయటికి తోసేసింది. డీవీడీ పెట్టె వెనక చిన్న భూగోళం గుర్తులో ఒక అంకె ఉంటుంది. అమెరికాకి 1, ఇండియాకి 5. ఒకటో అంకె ప్లేయరు అయిదో అంకె డిస్కుని లోపలికి రానివ్వదు. ఆయన డిస్కుకి ఆ కట్టడి లేదు, అన్ని దేశాల్లోనూ ఆడేదే. అడ్డం వచ్చింది ఇంకొకటి. ఇండియాలో వాడే పాల్ పద్ధతిలో బొమ్మకి 576 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అమెరికా ఎన్‌టీఎస్‌సీలో 480 గీతలు, సెకనుకి దాదాపు 30. కంప్యూటరుకి రెండూ ఒకటే. ఒక్క పద్ధతే తెలిసిన బండి ప్లేయరు తెల్లమొహం వేస్తుంది. ఒకప్పుడు ఊరూరా అమ్మిన వీసీడీలు, ఒకే డిస్కులో ఆరు సినిమాలు కుక్కినవి కూడా ఇంతే. తప్పు డిస్కుదీ కాదు, ప్లేయరుదీ కాదు.

ఇక్కడే ఇంకో మోసం ఉంది. పాటల సీడీ ఆడింది కాబట్టి ప్లేయరు బాగుందని అనుకుంటాం. సీడీ చదివే లేజరు కాంతి 780 నానోమీటర్లు, డీవీడీది 650. రెండూ వేరు వేరు లేజర్లు. సీడీది బాగుండి డీవీడీది నీరసించొచ్చు. నీరసించిన లేజరు ముందు కొట్లో కొన్న డిస్కు చదువుతుంది, ఇంట్లో రాసుకున్న డిస్కు దగ్గర తడబడుతుంది, ఎందుకంటే రాసుకున్న డిస్కు వెలుగుని తక్కువగా తిప్పి పంపుతుంది. బ్రష్షున్న క్లీనింగ్ డిస్కు ఒకసారి తిప్పి చూడ్డం దీనికి చవకైన పరీక్ష. దుమ్మయితే పోతుంది, నీరసమైతే పోదు.

వేడి సంగతి వేరే చెప్పాలి. జులైలో టెక్సాస్ పార్కింగు లాట్‌లో అద్దాలెత్తి వదిలేసిన బండి లోపల 50 డిగ్రీలు దాటడానికి గంట కూడా పట్టదు. అప్పుడు డిస్కు పెడితే చాలా ప్లేయర్లు వేడెక్కానని చెప్పి పని మానేస్తాయి. అది చెడిపోవడం కాదు, చెడకుండా కాపాడుకోవడం. ఏసీ వేసి కాసేపాగితే తనంతట తనే లేస్తుంది. పిల్లలు అందాకా ఆగాలి. వాళ్ల విషయంలో ఏసీ ఎంతవరకు పనిచేస్తుందో చెప్పలేను.

డీవీడీ పూర్తిగా చచ్చినా తెర బాగుంటే బండిని వదులుకోనక్కర్లేదు. పాత వ్యాన్లలో వెనక ఎక్కడో చిన్న మూత కింద పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుంటాయి. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ చెవికి, ఎరుపు కుడి చెవికి. హెచ్‌డీఎంఐని వీటికి మార్చే అగ్గిపెట్టంత డబ్బాలు దొరుకుతాయి, వాటికి వేరే యూఎస్‌బీ కరెంటివ్వాలి. ఫోన్లో ఉన్న ఇంటి వీడియోలు, పెళ్లి సీడీలోంచి దించుకున్నవి దాంట్లో ఆడతాయి. డబ్బు కట్టి చూసే ఓటీటీ యాప్‌లు మాత్రం కాపీ కాపలా వల్ల మాట పంపి బొమ్మ ఆపేస్తుంటాయి. మెనూ కనపడి సినిమా నొక్కగానే తెర నల్లబడితే వైర్లు పీకక్కర్లేదు. అది కాపలావాడి పని.

ఒక్క అర్జీకి మాత్రం బండిలో మందు లేదు: "కడుపులో తిప్పుతోంది." కళ్లు కదలని తెర చూస్తున్నాయి, లోపలి చెవి మాత్రం బండి మలుపులన్నీ లెక్కపెడుతోంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకపోతే మెదడు కడుపుని నమ్ముకుంటుంది. అప్పుడు సినిమా ఆపి, కిటికీలోంచి దూరంగా చూడమని, మ్యాడిసన్‌విల్ దగ్గర బకీస్ పెట్రోలు బంకు వచ్చేదాకా ఓపిక పట్టమనడమే.

ఇన్ని చెప్పినా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. బండి ఇంటి ముందు నిలబెట్టి, వెనక సీట్లో పిల్లలు కూర్చునే చోట కూర్చుని, వాళ్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక పావుగంట సినిమా చూడాలి. హెడ్‌ఫోన్ చెవుల్ని ఎంత నొక్కుతుందో, మధ్యాహ్నం పూట తెర మీద కిటికీ ఎంత తెల్లగా పడుతుందో, రిమోట్ సీటు పట్టాల సందులోకి ఎలా జారుతుందో అప్పుడు తెలుస్తుంది. ముందు కూర్చుని ఎన్నాళ్లు నడిపినా ఇవి తెలియవు. పిల్లలు మాటల్లో పొదుపు చేస్తారే గానీ అబద్ధం చెప్పరు.

మామయ్యగారు ఇండియా వెళ్లేలోపు మనవళ్లకి రిపోర్టు ఇవ్వడం నేర్పారు. లైన్‌మన్ ఫోన్లో సబ్‌స్టేషన్‌కి చెప్పే వరసలోనే: ముందు సప్లై, తర్వాత బొమ్మ, తర్వాత మాట, ఏ చెవిలో ఉంది, ఏ చెవిలో లేదు. మొన్న ఐ-45 మీద వెనక నుంచి మా వాడి గొంతు వినపడింది. "నాన్నా! లైటుంది, బొమ్మ ఉంది, రెండు చెవుల్లోనూ మాట ఉంది. సినిమానే బాలేదు." ఇంతకంటే స్పష్టమైన ఫిర్యాదు ఏ మెకానిక్కూ విని ఉండడు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే డిస్కు మార్చుకోమన్నాను.